నర్వస్ అంటే నాకు తెలిసిన సంగతి

నేను చదువుకున్నదాన్ని కాదు. సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోగలను, అంతే. నేను చెబుతుంటే మా బిడ్డ రాస్తోంది. నా గొంతు బొంగురు. కొన్ని మాటలు సగంలో తెగిపోతాయి. తెగిన చోట మళ్లీ అడిగి రాస్తోంది. ఇంట్లో మాట్లాడినట్టే రాస్తే చదివేవాళ్లకు కష్టమవుతుందని, నా మాటలను కొంచెం సరిచేసి రాస్తానంది. సరే అన్నాను. ఒక్క మాట మాత్రం ముట్టుకోవద్దన్నాను. అది ఇంగ్లీషు మాట, నర్వస్. దానికి బదులు తెలుగు మాట పెట్టనా అని అడిగింది. వద్దన్నాను. ఎందుకో ఇదంతా చెబితే గాని తెలియదు.

మా ఊరు వరంగల్ నుంచి తొర్రూరు పోయే దారిలో ఉంటుంది. రెండెకరాల పొలం, ఒక బోరు. మా ఆయన ఉన్నంత కాలం ఆ బోరు మోటారు సంగతి నాకు పట్టలేదు. కలుపు నాది, నాటు నాది, బర్రె నాది. మోటారు ఆయనది. బోరుకు పదిహేను అడుగుల దూరంలో స్తంభంలా ఒక రాతి కడీ పాతి ఉంటుంది. దానికి ఇనుప డబ్బా, డబ్బాలో స్టార్టర్. పచ్చ బటన్ ఒత్తితే మోటారు నడుస్తుంది, ఎర్ర బటన్ ఒత్తితే ఆగుతుంది. ఎవరైనా చేయగలిగిన పనే.

ఆయన ఆ డబ్బా దగ్గరే పోయాడు. వానాకాలం నాట్ల రోజులు. మడిలోంచి అట్లాగే లేచి, బురద కాళ్లతో, చెప్పులు లేకుండా, తడి చెయ్యి లాగుకు తుడుచుకుంటూ పోయాడు. నేను గట్టు మీద సద్ది మూట విప్పుతున్నాను. చెయ్యి డబ్బాకు అంటుకోవడం చూశాను. నవ్వులాటకు అట్లా నిలబడ్డాడేమో అనుకున్నాను మొదట. నేను లేచి ఉరికేసరికి పక్క పొలం మరిది నా కొప్పు పట్టుకుని వెనక్కి గుంజాడు. "ముట్టకు వదినె, ముట్టకు" అని అరిచి, ఎండిన కట్టె తెచ్చి ఆయన చెయ్యి విడిపించాడు. అప్పటికే అయిపోయింది.

ఆ రోజు నేను ఎంత అరిచానో నాకు తెలియదు. సాయంత్రానికి గొంతు పోయింది. నెల తర్వాత కొంత తిరిగొచ్చింది గాని, పాత గొంతు రాలేదు. ఇప్పుడు నేను పెద్దగా పిలిచినా పది మడుల అవతలికి వినపడదు.

దినాలు అయిపోయాక మా అత్త నాకు జడుపు పట్టిందని చెప్పి, అట్లకాడను పొయ్యిలో ఎర్రగా కాల్చి, చెంబు నీళ్లలో ముంచింది. సుయ్యిమని పొగ లేచింది. ఆ నీళ్లు తాగితే జడుపు దిగుతుందని మావైపు నమ్మకం. చిన్నప్పుడు మా బిడ్డ కుక్కను చూసి జడుసుకుని జ్వరం తెచ్చుకుంటే అట్లాగే తాగించాం, మర్నాటికి లేచి ఆడుకుంది. నేను కూడా తాగాను. నీళ్లు ఇనుము వాసన వేశాయి. ఆ వాసనకే నాకు డబ్బా గుర్తొచ్చి, తాగినదంతా గడపలోనే కక్కుకున్నాను. "ఇది జడుపు గాదే. ఇంకేందో" అంది మా అత్త. ఇంకేమిటో ఆమెకు చెప్పడం రాలేదు, నాకూ రాలేదు.

ఆ పంటంతా, వాన లేని రోజున పొద్దున మా మరిదే వచ్చి బటన్ ఒత్తేవాడు. ఆయన మా ఆయనకు చిన్నాయన కొడుకు. మంచివాడు, నోరు మాత్రం ఊరుకోదు.

"వదినె, ఎన్ని దినాలు నేనొత్తాలె? నా పెండ్లాం నన్ను అడుగుతాంది, ఆ బటన్ కాడ ఏం దాసిపెట్టినవ్ అని."

"జర యాసంగి దాక ఒత్తు తమ్మీ. అటెనుక నేనే ఒత్తుకుంట."

"ఒత్తుకుంటవ్, ఒత్తుకుంటవ్. డబ్బ దిక్కు సూడనే సూడవ్, ముఖం అటు తిప్పుతవ్. పెండ్లి సూపులకు వచ్చిన పిల్ల తీరు."

నేను నవ్వేదాన్ని. నవ్వకపోతే ఆయన ఇంకా ఎక్కువ అంటాడు. కానీ నవ్వుతున్నప్పుడు కూడా నా అరచేతుల్లో చెమట పడుతుండేది.

మా బిడ్డ హనుమకొండలో డిగ్రీ చదువుతోంది. హాస్టల్లో ఉంటుంది, రెండు వారాలకొక శనివారం ఇంటికి వస్తుంది. ఒకసారి వచ్చినప్పుడు నన్ను పొలానికి తీసుకుపోయి, డబ్బా ముందు నిలబెట్టింది. తను ముందు ఒత్తి చూపించింది. తర్వాత నన్ను ఒత్తమంది. నేను చెయ్యి లేపాను. చెయ్యి డబ్బాకు జానెడు దూరంలో ఆగిపోయింది. నేను ఆపలేదు, అదే ఆగింది. నోట్లో ఉమ్ము లేదు.

"అమ్మా, నువ్వు నర్వస్ అయితాన్నవ్" అంది బిడ్డ.

"ఏందే అది? బీమారా?"

"బీమారి గాదు. భయం అసొంటిదే."

"భయమని చెప్పరాదు మరి. ఇంగ్లీషెందుకు?"

గట్టు మీద కూర్చుని చెప్పింది. "భయమంటే ఎదురుంగ పాము ఉండాలె అమ్మా. పామును సూసి ఉరుకుతం, అది భయం. నర్వస్ అంటే అక్కడ పాము లేదు. ఉంటదేమో అని కాళ్లు కదలయి. మాకు పరీక్షకు ముందు అట్లనే అయితది. పేపర్ ఇంక సేతికి రాదు, కడుపుల మాత్రం దేవుతది. మా సోపతిగాళ్లందరు చెప్పుకుంటరు, నేను నర్వస్ ఉన్న, నేను నర్వస్ ఉన్న అని."

"అందరు చెప్పుకుంటరా? సిగ్గు పడరా?"

"దాంట్ల సిగ్గేందమ్మా?"

నాకు అది వింతగా అనిపించింది. మా ఊళ్లో మనిషి భయపడ్డానని బయటికి చెప్పడు. మొగవాళ్లు అసలే చెప్పరు. ఆడవాళ్లం చెప్పినా, చీకటికో దయ్యానికో అంటాం గాని, పచ్చ బటన్‌కు భయపడ్డానని ఎవరు చెబుతారు?

ఆ తర్వాత ఆ మాట నా చెవిన ఎక్కడ పడ్డా ఆగి వినడం అలవాటైంది. ఊళ్లో సూదులు వేసే ఆర్‌ఎంపీ డాక్టర్ దగ్గరికి చెయ్యి వణుకుతోందని పోతే, "నర్వస్ ఉన్నది, బలానికి రాస్త" అని ఎర్ర గోలీలు ఇచ్చాడు. గోలీలకు ఆకలి పెరిగింది, వణుకు తగ్గలేదు. మా మరిది క్రికెట్ చూస్తూ, "తొంభై దాటినంక నర్వస్ అయిండు, ఇగ పోతడు సూడు" అన్నాడు. అన్నట్టే ఆ ఆటగాడు అవుటయ్యాడు. అంత పెద్ద ఆటగాడికి, లోకమంతా చూస్తుండగా, చేతిలో బ్యాటు ఉండగా కూడా అవుతుందా ఇది అనుకున్నాను. బస్సులో ఒక కండక్టరమ్మ తోటి ఆమెతో అంటోంది, డ్యూటీ ఎక్కిన మొదటి వారం నర్వస్‌గా ఉండేదని, టికెట్ మిషన్ పట్టుకుంటే వేళ్లు తిరిగేవి కావని. ఆమెను చూస్తే ఇప్పుడు పులిలా ఉంది.

మాకు మాటలు లేవని కాదు. దడ అంటాం, అది గుండెలో. గుబులు అంటాం, అది కడుపులో, ఎక్కువగా పొద్దుగూకే వేళ వస్తుంది. బర్రె బెదురుతుంది, పసిపిల్ల జడుసుకుంటుంది, కొత్త కోడలు జంకుతుంది. పరేషాన్ అయితే మనిషి అటూ ఇటూ తిరుగుతాడు. నాకు అయ్యేది వీటిలో ఏదీ కాదు. నేను తిరగను, అరవను, ఏడవను. ఉన్నచోట రాయిలా అయిపోతాను. దానికి పేరు లేక, అది నాలో ఉన్న ఏదో దోషం అనుకున్నాను. బిడ్డ పేరు చెప్పింది. కానీ పేరు తెలిసినంత మాత్రాన అది నా నోటివెంట రాలేదు. చెవికే తెలుసు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి.

మా దగ్గర స్టార్టర్‌కు ఆటో అని ఒకటి తగిలిస్తారు. చిన్న డబ్బా. అది ఉంటే కరెంటు వచ్చిన వెంటనే, మనిషి బటన్ ఒత్తకుండానే, మోటారు దానంతట అదే నడుస్తుంది. వెనకట కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో అందరూ పెట్టుకున్నారు. తర్వాత రోజంతా కరెంటు ఉండడం మొదలయ్యాక, అవసరం ఉన్నా లేకపోయినా మోటార్లు నడిచి బోర్లు ఎండిపోతున్నాయని, ఊళ్లో అందరూ కూర్చుని ఆటోలు తీసేయాలని మాట అనుకున్నారు. మా ఆయన కూడా మాది తీసి అటక మీద పెట్టాడు.

యాసంగి, రెండో పంట కాలం, వచ్చింది. వరి వేశాం. మా మరిదికి ఇచ్చిన గడువు దగ్గరపడింది. ఆయన తన చెల్లెలి ఇంటికి పోయిన రోజు చూసుకుని, తొర్రూరు నుంచి మెకానిక్‌ను పిలిపించి, అటక మీది ఆటో దించి స్టార్టర్ డబ్బా లోపల పెట్టించాను. తలుపు మూస్తే బయటికి కనపడదు. మెకానిక్ అడిగాడు, "ఊర్ల తీసేసిన్రు గదా అమ్మా" అని. నీళ్లు అందడం లేదని ఏదో చెప్పాను.

ఆ రోజు నుంచి నేను డబ్బా ముట్టాల్సిన పని లేకుండా పోయింది. మోటారు రాత్రీ పగలూ నడిచేది. నీళ్లు ఎక్కువైతే మడి తూము తీసి వాగులోకి వదిలేదాన్ని. "వదినె, నువ్వొత్తుడు నేర్సినంక నా బోరు దమ్ము తీస్తాంది" అన్నాడు మా మరిది. తన బోరుకు నీళ్లు తగ్గాయని ఆయన నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

బిడ్డ వచ్చిన ప్రతిసారీ అడిగేది. "ఒత్తుతాన్నవా అమ్మా? నర్వస్ ఐతలేదా?"

"ఒత్తుతాన్న. ఏం ఐతలేదు."

నా భుజం చుట్టూ చెయ్యి వేసేది. హాస్టల్లో తనతో చదివే సోపతిగాళ్లకు చెప్పిందట, మా అమ్మ ఒక్కతే మోటారు నడిపిస్తది, మా బాపు పోయిన కాడనే, భయం లేకుంట అని. ఆ మాట విన్న రోజు అన్నం తినలేకపోయాను. చెబుదామనుకున్నాను. వచ్చేవారం చెబుదాం, పంట కోసినంక చెబుదాం అనుకుంటూ పోయాను.

వరి పొట్టకు వచ్చింది. ఒక శనివారం బిడ్డ వచ్చి సాయంత్రం పొలం చుట్టూ తిరిగి వచ్చింది. డబ్బా నుంచి బోరుకు పోయే వైరుకు, బోరు పక్కన, మధ్యలో ఒక అతుకు ఉంది. దాని మీది టేపు ఊడి రాగి తీగ బయటికి కనపడుతోందని చెప్పింది. "కాలు తగిలితే అంతేనమ్మా. రేపు లైను పనికి కరెంట్ బందు పెడుతరట, అప్పుడు నేను సుట్త" అంది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఊఁ అన్నాను.

మర్నాడు పొద్దున తొమ్మిది దాటాక కరెంటు పోయింది. లైను బాగు చేస్తున్నారట, ఎప్పుడొస్తుందో తెలియదని వాకిట్లో ఎవరో అనుకుంటూ పోయారు. నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను.

"అమ్మా, నల్ల టేపు ఏడున్నది?"

"గూట్లె సూడు. దీపం ఎనుక."

గేటు చప్పుడైంది. చెప్పుల చప్పుడు దూరమైంది. నేను ఇంకో ఉల్లిగడ్డ తీసుకున్నాను. పొట్టు తీశాను. అప్పుడు తట్టింది.

అర్థమైందా మీకు? ఆటో లేని మోటారుకు, కరెంటు పోయి మళ్లీ వచ్చినా, బటన్ ఒత్తేదాకా డబ్బా దాటి వైరులోకి కరెంటు రాదు. వాళ్ల నాన్న దానికి నేర్పింది అదే. ఆ ధైర్యంతోనే అది పోయింది. మా డబ్బాలో ఆటో ఉందని దానికి తెలియదు. కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడు, ఆ క్షణమే, అది పట్టుకున్న రాగి తీగలోకి వస్తుంది. టేపు ఎక్కడుందో చెప్పి పంపింది నేను.

ఫోను తీసుకుని పచ్చ గుర్తు నొక్కాను. దాని ఫోను మా గోడకే, చార్జింగ్ వైరుకు వేలాడుతూ మోగింది. ఆ మోత ఇంకా నా చెవుల్లో ఉంది.

ఉరికాను. చెప్పులు వేసుకున్నానో లేదో తెలియదు; వేసుకోలేదని తర్వాత తెలిసింది. మా ఇంటి నుంచి పొలం మైలులో సగం ఉంటుంది. దారిలో ప్రతి ఇంటి ముందు ఆగి కరెంటు వచ్చిందా అని చూడాలనిపించింది, చూడడానికి భయమేసింది. కిరాణా కొట్టు ముందు ఫ్యాను తిరుగుతోందా అని చూశాను. తిరగడం లేదు. దేవుడా, తిరగనియ్యకు అనుకున్నాను. ఎవరినైనా పిలవాలని కూడా తోచలేదు. పిలిస్తే నా గొంతుకు ఎవరు పలుకుతారు?

కాలువ దాటగానే కనపడింది. బోరు దగ్గర నాకు వీపు పెట్టి గొంతుక్కూర్చుని ఉంది. జడ ముందుకు వేసుకుంది. మోచేతులు కదులుతున్నాయి. అంటే వైరు చేతిలోనే ఉంది. "బిడ్డా" అని పిలిచాను. అవతలి మడిలో ట్రాక్టర్ నడుస్తోంది. నా కేక నాకే వినపడలేదు.

ఒడ్ల మీద పడి లేస్తూ పోయాను. ముందు తగిలేది డబ్బా. డబ్బా దాటి పదిహేను అడుగులు పోతే బిడ్డ. అంత ఉరికినదాన్ని, డబ్బా పక్కకు వచ్చేసరికి ఆగాను. డబ్బా కింద మెయిన్ స్విచ్ ఉంటుంది, దాని పిడి కిందికి లాగితే ఇక కరెంటు వచ్చినా పోదు. అది నాకు తెలుసు. లాగాలనుకున్నాను. చెయ్యి లేచింది. మళ్లీ జానెడు దూరంలో ఆగింది.

కిందికి చూశాను. తడి నేల. నా కాళ్లకు చెప్పులు లేవు. ఆయన కాళ్లు కూడా అట్లాగే ఉన్నాయి ఆ రోజు, బురద వేళ్ల సందుల్లోకి వచ్చి.

అంతే. ఇంక నేను లేను. పిడి లాగలేదు. బిడ్డ దగ్గరికి పోలేదు. నోరు తెరిచాను, గాలి వచ్చింది, మాట రాలేదు. పదిహేను అడుగుల దూరంలో నా బిడ్డ చావు చేతిలో పట్టుకుని కూర్చుంటే తల్లిని నేను చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపు? టేపు చుట్టు తిరగడం చూశాను. ఒక చుట్టు. ఇంకో చుట్టు. టేపు గట్టిగా లాగి, పంటితో కొరికి తెంపింది. బొటనవేలితో నొక్కింది. అప్పుడు కూడా లేవలేదు, ఇంకోచోట ఊడిందేమో అని వైరును వేళ్లతో తడుముకుంటూ చూసింది. ఎవరైనా అడిగితే నేను ఒక పూటంతా నిలబడ్డానని చెబుతాను.

తర్వాత లేచింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"ఏందమ్మా? గిట్లొచ్చినవ్? సెప్పులేవి?"

దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "సల్లగున్నయి నీ సేతులు. ఏమైంది? ఎవరన్న ఏమన్నన్నరా?" అని నన్ను గట్టు మీదికి నడిపించి కూర్చోబెట్టింది. నా కొంగుతోనే నా ముఖం తుడిచింది. నేను దాని వేళ్లనే చూస్తున్నాను. పదీ ఉన్నాయి. మట్టి అంటింది, టేపు జిగురు అంటింది.

డబ్బాలో టక్కుమంది. మోటారు గుయ్యిమని లేచింది. పైపులోంచి నీళ్లు ఎగజిమ్మాయి.

బిడ్డ డబ్బా వైపు చూసింది. డబ్బా దగ్గర ఎవరూ లేరు. బోరు వైపు చూసింది, తను కూర్చున్న చోటు చూసింది. తర్వాత తన చేతులు చూసుకుంది. అప్పుడు నన్ను చూసింది.

"ఆటో పెట్టినవా?"

తల ఊపాను.

లేచి నాలుగడుగులు వేసి మడి ఒడ్డు మీద కూర్చుని వాంతి చేసుకుంది. నేను లేవబోతే చెయ్యి అడ్డం పెట్టింది, రావద్దని. నోరు కడుక్కుని వచ్చి దూరంగా కూర్చుంది.

"ఎన్నిసార్లడిగిన అమ్మా నిన్ను? వచ్చినప్పుడల్ల అడిగిన. ఒత్తుతాన్న అన్నవ్. నవ్వుకుంట చెప్పినవ్. నేను ఊర్లె, కాలేజిల అందరికి చెప్పుకున్న."

అది ఇంకా అంటోంది, ఏడుస్తూ అంటోంది. "బాపును సూసినవ్ గదనే. నీ కండ్లతోని సూసినవ్ గద."

"సూసిన" అన్నాను. "గందుకే బిడ్డా. నాకు నర్వస్ ఉన్నది. ఒక్క దినం గూడ ఒత్తలే. గిప్పుడు గూడ, నువ్వక్కడ కూసున్నప్పుడు, మెయిన్ గుంజుదామని వచ్చి గుంజలే. సెయ్యి పోలే."

ఆ మాట మొదటిసారి నా నోటివెంట వచ్చింది అప్పుడే. దాంతో పాటు మిగతావీ వచ్చాయి. నిలబడిపోయానని చెప్పకుండా ఉండొచ్చు, అది చూడలేదు కదా. కానీ చెప్పాను. చెప్పినప్పుడు అది నన్ను కొట్టినా బాగుండేదనిపించింది. కొట్టలేదు. మోకాళ్ల మీద తల పెట్టుకుని, "నాక్కూడ సేతులు వణుకుతున్నయి సూడు" అంది. చూపించింది.

ఆ మధ్యాహ్నమే మా మరిదిని పిలిచాం. ఆయన వచ్చి విన్నాడు. అన్నీ విన్నాక కూడా ఒక్క ఎకసెక్కం ఆడలేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది. మెయిన్ బందు చేసి, పైన లైనుకే కరెంటు ఆపించి, మెకానిక్‌తో ఆటో తీయించాడు. అతుకు ఉన్న వైరు పారేసి కొత్తది వేయించాడు. డబ్బాకు ఎర్తింగ్ కొత్తగా వేయించాడు. బిడ్డ రెండు రోజులు కాలేజీ మానేసి ఉండిపోయింది. నాతో మాటలు తక్కువే. కానీ ఒక పొడి చెక్క పలక తెచ్చి డబ్బా ముందు వేసింది. దాని మీద రబ్బరు చాప వేసింది. టెస్టర్ ఎట్లా పట్టాలో, దానిలో దీపం వెలిగితే డబ్బాకు కరెంటు ఉన్నట్టని, వెలగకపోతేనే ముట్టాలని చూపించింది. ఎడమ చెయ్యి నడుము వెనక్కి పెట్టుకోమంది, రెండో చెయ్యి దేన్నీ తాకకుండా.

మొదటి రోజు గంటసేపు నిలబడ్డాను. రెండో రోజు కూడా అంతే. తను గట్టు మీద కూర్చుని పుస్తకం చదువుకుంటూ ఉంది, ఒత్తమని ఒక్కసారి కూడా అనలేదు. రెండో రోజు ఎండ ఎక్కాక, పచ్చ బటన్ మీద వేలు ఆన్చి తీసేశాను. బటన్ వెచ్చగా ఉంది, ఎండకు. మళ్లీ ఆన్చాను. ఒత్తాను. మోటారు లేచిన చప్పుడుకు నేను పలక మీద నుంచి వెనక్కి దూకి పడ్డాను. మోచెయ్యి గీసుకుపోయింది. బిడ్డ ఉరికొచ్చింది. ఇద్దరం ఆ చప్పుడు వింటూ అట్లాగే ఉన్నాం.

అప్పటి నుంచి నేనే ఒత్తుతున్నాను. భయం పోయిందని మీరు అనుకోవద్దు. పోలేదు. రోజూ పొద్దున కళ్లు తెరవగానే ముందు డబ్బా గుర్తొస్తుంది. ఒక్కోసారి కలలో బిడ్డ వీపు కనపడుతుంది, మోచేతులు కదులుతుంటాయి, నేను పిలుస్తుంటాను. ఈ మాట రాస్తూ బిడ్డ కలం ఆపింది. రాయవే అన్నాను.

మొన్న కోతలకు ముందు, అనుకోని వాన పడింది. పొద్దునకు తెరిపిచ్చింది. మడికి చివరి తడి కావాలి, వాన నీళ్లు చాల్లేదు. పొలానికి పోయి చూస్తే చెక్క పలక నాని ఉబ్బింది. రబ్బరు చాప మీద నీళ్లు నిలిచాయి. డబ్బా మీద నుంచి ఇంకా చుక్కలు కారుతున్నాయి. నేను దూరంగానే ఆగాను. అవతలి ఒడ్డు మీద మా మరిది పలుగు భుజాన వేసుకుని వస్తున్నాడు.

వెనకటి లెక్కన అయితే ఏదో ఒక సాకు చెప్పేదాన్ని. నడుము నొప్పి అనో, నీళ్లు అక్కర్లేదనో.

"తమ్మీ, ఇయ్యాల నాకు నర్వస్ ఉన్నది. ఒత్తుడు నాతోని కాదు" అన్నాను.

ఏమంటాడో అని చూశాను. డబ్బా వైపు చూశాడు, తన పొలంలో తన డబ్బా వైపు చూశాడు. పలుగు దించి గట్టు మీద పెట్టాడు.

"నాగ్గూడ ఉన్నది వదినె" అన్నాడు. "అన్న పోయిన కాన్నుంచి వాన పడ్డ దినం నేను డబ్బ ముట్ట. ఇంట్ల చెప్పలే. నీళ్లు పెట్టొచ్చిన అని అబద్ధం చెప్పి ఈడనే తిరుగుత."

"మరి నన్ను పెండ్లి సూపుల పిల్ల అన్నవ్?"

"గదన్న అననీయవా ఏంది? నా భయం దాసుకోవాలె గద."

ఎండ ఇంకా రాలేదు. పలకను లాగి గట్టుకు ఆనించి ఆరబెట్టాడు. ఇద్దరం గట్టు మీద ఎడంగా కూర్చున్నాం, డబ్బాకు వీపు పెట్టకుండా, దాన్ని చూస్తూనే. నేల ఆరేసరికి మధ్యాహ్నమైంది.